ఓనరాంటీ చేతులు ఆగిన పేజీలు

ఓనరాంటీ పోయిన కబురు నాకు ఆఫీసులో తెలిసింది. నా ఉద్యోగం బేగంపేటలో. అమెరికాలో డాక్టర్లు రోగుల సంగతులు గబగబా చెప్పి రికార్డు చేస్తే, మేం హెడ్‌ఫోన్లు తగిలించుకుని విని టైపు చేస్తాం. ఆ పొద్దున ముక్కూ మొహం తెలియని ఒక పెద్దాయన మోకాలి నొప్పి గురించి టైపు చేస్తుంటే టేబుల్ మీద సెల్‌ఫోన్ వణికింది. మా ఆయన. "నీళ్ల మోటారు వెయ్యడానికి ఆంటీ కిందికి దిగలేదు. ఏంటా అని పైకెళ్లి చూశాను. ఆంటీ పోయారు. నిద్రలోనే గుండె ఆగిందన్నాడు డాక్టరు" అన్నాడు. నేను "సరే" అన్నాను. ఎందుకు సరే అన్నానో ఇప్పటికీ తెలియదు. ఫోన్ పెట్టేశాక ఆ పెద్దాయన మోకాలు మొత్తం టైపు చేసి, ఫైలు పంపించి, అప్పుడు లేచి మేనేజరుకి చెప్పాను.

నిజం చెప్తున్నాను, ఏడుపు తర్వాత వచ్చింది. ముందొచ్చింది భయం. ఆ ఆదివారం నేనూ ఆంటీ కలిసి కాప్రాలో మా అక్క ఇంటికి వెళ్లాలి. అక్క ముందు కూర్చుని నా నవల నేను చదవాలి. ఆంటీ నా పక్కన ఊరికే కూర్చోవాలి. అదీ మా ఒప్పందం. ఇప్పుడు నేనొక్కదాన్నే వెళ్లాలా? తిరుమలగిరిలో మా ఇంటి దాకా ఆటోలో వస్తూ నేను ఆలోచించింది అదే. పోయిన మనిషి గురించి కాకుండా నా గురించి ఆలోచిస్తున్నానే అనిపించింది కానీ, భయానికి సమయం సందర్భం ఉండవు కదా.

ఈ భయమేమిటో చెప్తేగాని ఓనరాంటీ ఎవరో మీకు తెలియదు.

పెళ్లయ్యాక మేం అద్దెకు దిగింది ఆవిడ ఇంట్లోనే. కింద మేం, పైన ఆవిడ. రైల్వే ఆఫీసులో చేసి రిటైరైంది. భర్త పోయి చాలా కాలమైంది, కూతురు కరీంనగర్‌లో ఉంటుంది. రోజూ పొద్దున్నే నీళ్ల మోటారు వెయ్యడానికి కిందికి దిగేది. స్విచ్చు మా వంటింటి గుమ్మం పక్కనే ఉండటం వల్ల రోజూ ఒకసారైనా ఎదురుపడేవాళ్లం. ఒకరోజు అలా దిగినప్పుడు మా ఫ్రిజ్ తలుపు మీద నేను అంటించుకున్న కాగితాలు ఆవిడ కంట్లో పడ్డాయి. నవల ఎలా రాయాలి, రాసింది సొంతంగా ఎలా అచ్చేసుకోవాలి అని ఇంగ్లీషు వెబ్‌సైట్లలో ఎవరెవరో రాసిన సలహాలు. లంచ్ టైములో చదివి, ఎవరూ చూడకుండా ఆఫీసు ప్రింటర్ మీదే తీసుకునేదాన్ని.

"ఏందే ఇవి? ఇంగ్లీషుల అంటిపెట్టుకున్నవు. డైటింగు గిట్ల చేస్తున్నవా?" అంది.

"కాదాంటీ, నవల రాద్దామని..." అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మాట మా ఆయనకు తప్ప అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ మొహం మారిపోయింది. మోటారు వెయ్యడం మరిచిపోయి పైకి వెళ్లిపోయింది. ఇల్లు ఖాళీ చెయ్యమంటుందేమో, రాసేవాళ్లను ఇంట్లో పెట్టుకోదేమో అని పిచ్చి పిచ్చిగా ఆలోచించాను. సాయంత్రం పైనుంచి పిలుపు. వెళ్తే, దివాను కిందనుంచి దుమ్ము కొట్టుకుపోయిన ఒక కట్ట బయటికి లాగుతోంది. తాడు విప్పింది. అన్నీ ఒకే పుస్తకం. ఒకే ముఖచిత్రం, ఒకే రచయిత్రి పేరు, ఆ పేరు ఆవిడదే.

"నేను సుత రాసిన. నేనే అచ్చేయించిన. దివాను కింద ఇంక శాన ఉన్నయ్" అంది. ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు చాలా చిన్నగా చెప్పింది.

ఆ రోజునుంచి ఆదివారం మధ్యాహ్నాలు నావి కావు. కొత్త కాగితాలు తెచ్చానా అని అడిగేది. నేను తెలుగులో చెప్తుంటే చిన్నపిల్లలా వినేది. ఆవిడకు అన్నీ తెలుసని నేను చెప్పడం లేదు, నాకూ ఏమీ తెలియదు. సలహాలన్నీ మా ఇద్దరికీ కొత్తే. విశేషణాలు కొట్టెయ్యమన్న సలహా ఆవిడకు ఎంత నచ్చిందంటే, తన అచ్చు పుస్తకమే తీసి పెన్సిలుతో కొట్టేసుకుంటూ కూర్చుంది. "అయ్యో, ఇన్ని పెట్టిన్నా? ఇంత తెల్లని వెన్నెల ఎందుకే, వెన్నెల నల్లగుంటదా" అని తనమీద తనే నవ్వుకునేది. కొన్ని ససేమిరా ఒప్పుకునేది కాదు. మొదటి వాక్యంలోనే పాఠకుణ్ణి పట్టుకోవాలట అంటే, "పట్టుకునుడేంది, పోలీసోళ్ల లెక్క? కూసోబెట్టి మంచినీళ్లియ్యి ముందుగాల" అనేది. తలుపు మూసుకుని రాయాలట అంటే, "మనింట్ల తలుపు మూసుకుంటె గల్లీ గల్లంత వచ్చి కొడ్తరు, ఏమైందో అని" అనేది.

ఆవిడ సొంత పద్ధతి ఒకటుండేది. అది ఏ వెబ్‌సైటులోనూ నాకు దొరకలేదు. రాసినదేదైనా పైకి చదివి వినిపించాలి. వినే మనిషి చేతుల్లో ఏదో ఒక పని ఉండాలి. నేను చదువుతుంటే ఆవిడ ఎండాకాలమైతే చింతపండు గింజలు తీసేది, చలికాలమైతే చిక్కుడుకాయల ఈనెలు తీసేది.

"నా మొఖం చూడకు. మొఖం అబద్ధం చెప్తది. నీ మనసు నొప్పియ్యొద్దని బాగుందనే అంట నేను. నా చేతులు చూడు" అంది మొదటిరోజే.

చూశాను. విసుగ్గా ఉన్నచోట ఆవిడ చేతులు చకచకా నడిచేవి, గింజలు పళ్లెంలో టపటపా పడేవి. నేను రాత్రనకా పగలనకా కష్టపడి రాసిన వర్ణనలన్నీ ఆ టపటపలో పోయేవి. ఎక్కడో ఒకచోట, నేను అసలు అనుకోనిచోట, చేతులు ఆగిపోయేవి. నేను చదవడం అయ్యాక "ఇటు తే" అని ఆ పేజీ లాక్కుని కళ్లకు దగ్గరగా పెట్టుకుని తనే ఒకసారి చూసుకునేది. ఆ చేతి చింతపండు కాగితానికి అంటేది. అందుకే నా రాతప్రతిలో బాగున్న పేజీలన్నీ మరకల పేజీలే. ఇంకో మాట కూడా చెప్పింది, అది నా భయానికి చాలా అవసరమైన మాట. "చేతులు ఆగినయంటె నువ్వు చదువుడు ఆపకు. నువ్వు ఆపితే విన్నోళ్లకు సిగ్గయితది."

ఇక నా నవల సంగతి. ఆ వెబ్‌సైట్ల సలహాల్లో ఒకటి నన్ను పట్టుకుని వదల్లేదు. నీకు ఏది రాయాలంటే భయమో అదే రాయమని ఉంది అందులో. చదవగానే మా అక్క గుర్తొచ్చింది. కాగితం ముక్కలు ముక్కలు చేసి పారేశాను. మళ్లీ మర్నాడు ప్రింటు తీసుకున్నాను.

మాది విజయనగరం వైపు. నాన్న ఉద్యోగం వల్ల కాప్రాలో స్థిరపడ్డాం. అక్కను మళ్లీ విజయనగరమే ఇచ్చారు. పెళ్లయిన కొన్నాళ్లకు ఒక ఎండాకాలం అక్క సూట్‌కేసుతో ఒక్కతే వచ్చేసింది. ఎందుకొచ్చిందో చెప్పలేదు, వెళ్తాననలేదు. వీధిలో అందరూ అడగడం మొదలుపెట్టారు. మా అమ్మ వీధికీ, అక్క అత్తవారికీ ఒకే మాట చెప్పింది. కంప్యూటర్ కోర్సు నేర్చుకోవడానికి వచ్చిందని. అప్పట్లో ఏ ఇంట చూసినా ఎవరో ఒకరు అమీర్‌పేటలో జావా నేర్చుకుంటూనే ఉండేవారు కనుక ఎవరికీ అనుమానం రాలేదు. కానీ అబద్ధమాడాక అది నిలబెట్టుకోవాలి కదా. అక్క రోజూ పొద్దున బ్యాగు భుజాన వేసుకుని వెళ్లేది, సాయంత్రం వచ్చేది. అమీర్‌పేటకు కాదు. కాప్రా చెరువు గట్టుకు.

ఒక సాయంత్రం పొద్దు వాలినా అక్క రాలేదు. నేను చెరువు దగ్గరికి వెళ్లాను. గట్టు మీద అక్క చెప్పులు ఉన్నాయి, గుడి బయట విడిచినంత శుభ్రంగా పక్కపక్కన. అక్క మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఉంది. ఆ పొద్దు నా నోట్లోంచి "అక్కా" అన్న మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు. అక్క వెనక్కి తిరిగింది, నెమ్మదిగా బయటికొచ్చింది, చెప్పులు తొడుక్కుంది. "పద, అమ్మ చూస్తుంటాది" అంది. అంతే. ఆ తర్వాత ఏమైందని నేను అడగలేదు, అక్క చెప్పలేదు. కొన్నాళ్లకు బావ వచ్చి తీసుకెళ్లాడు. తర్వాత బావకు ఇక్కడే ఉద్యోగం దొరికి కాప్రాకే వచ్చేశారు. పిల్లలు పుట్టారు. ఇల్లు సర్దుకుంది. అక్క అత్తగారు ఇప్పటికీ చుట్టాలందరితో "మా కోడలు జావా చేసింది" అని చెప్పుకుంటుంది.

ఇదీ నా నవల. ఆ నీళ్లలో నిలబడి అక్క ఏమనుకుందో నాకు తెలియదు, కాబట్టి ఊహించి రాశాను. ఊరు మార్చాను, పేర్లు మార్చాను, చెరువును నది చేశాను. రెండో పేజీలో "ఇందులోని పాత్రలన్నీ కల్పితాలు" అని ఒక వాక్యం పెట్టాను. సొంతంగా అచ్చేసుకునేవాళ్లు ఆ వాక్యం తప్పక పెట్టాలని ఒక సలహాలో ఉంది. ఆ వాక్యాన్ని తాయెత్తు కట్టుకున్నట్టు పట్టుకుని తిరిగాను.

ఆంటీ ఆ వాక్యం చూసి నవ్వింది. "ఎవరు చదువుతరే దీన్ని? చదివినోళ్లకు ఇంకింత డౌటొస్తది. చీర మార్చినవు బిడ్డా, లోపలి మనిషి గామెనే గద" అంది. ఆ తర్వాత నవ్వు ఆపి, "నా బుక్కుల సుత ఉండె గా లైను" అంది.

అప్పుడు చెప్పింది తన పుస్తకం కథ. పుస్తకం అచ్చయ్యాక కోఠి షాపులవాళ్లు కట్టలు తీసుకోలేదు, తీసుకున్నవాళ్లు తిప్పి పంపారు. ఇంట్లో మూలుగుతున్న కట్టలు చూడలేక, శ్రావణమాసంలో ఆడవాళ్లను పసుపు బొట్టుకు పిలిచి, తాంబూలంలో శనగలు, జాకెట్టు ముక్కతో పాటు తలా ఒక పుస్తకం పెట్టిందట. వచ్చినవాళ్లలో రెండు గల్లీల అవతల ఉండే ఆవిడ తోటికోడలు కూడా ఉంది. ఆమెకు చదువు రాదు.

"ఆమెకియ్యకపోతే తప్పు పడ్తదని ఇచ్చిన. ఎట్లాగు చదవదు గదా అని నాకు భయమే కాలే. గదే నేను చేసిన తప్పు. భయముంటె ఆగుతుంటి" అంది ఆంటీ.

ఆ నవలలో ఒకచోట తోటికోడలి సంగతి ఉంది. ఆమె పసిబిడ్డ చనిపోయిన రోజు. ఇంటినిండా ఏడుపులు. పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్లు ముట్టని తల్లి, స్టోరు గదిలోకి వెళ్లి డబ్బాలోంచి గుప్పెడు చక్కెర తీసి నోట్లో పోసుకుంటుంది. ఆంటీ అది కళ్లారా చూసింది, రాసింది. చదవడం వచ్చిన ఇరుగుపొరుగువాళ్లు ఆ ఒక్క సంగతి మాత్రం పట్టుకెళ్లి తోటికోడలి చెవిన వేశారు. "పిల్ల సచ్చిన దినమే దొంగతనంగ చక్కెర బుక్కినవని రాసిందట నీ తోటికోడలు" అని. అంతే, ఆ మనిషి మళ్లీ ఈ గడప తొక్కలేదు, ఈవిడతో మాట్లాడలేదు. ఆంటీ కూరగాయలకు వెళ్తే ఆ గల్లీ తప్పించుకుని కంటోన్మెంటు రోడ్డు చుట్టూ తిరిగి వచ్చేది. గేటు చప్పుడైతే ఉలిక్కిపడి కర్టెన్ వెనకనుంచి తొంగిచూసేది. నేను చాలాకాలం అది దొంగల భయమనుకున్నాను.

"ఇగ ఒక్కటే చెప్త విను. నువ్వు ఎవరికి భయపడుతున్నవో వాళ్లకే మొదలు చదివి వినిపియ్యి. మొత్తం వినిపియ్యి. ముక్కలు ముక్కలు వేరేటోళ్లు చెప్పకముందే" అంది.

"అక్క నాతో మాట్లాడకపోతే?" అన్నాను.

"మాట్లాడకపోతే మాట్లాడది. అచ్చైనంక మాట్లాడకుంట పోవుడు కంటె గదే నయం."

మీకు తేలిగ్గా అనిపించవచ్చు. నాకు మాత్రం కాదు. మా అక్క తప్ప ఈ ఊళ్లో నాకు పుట్టింటి మనిషంటూ ఎవరూ లేరు, అమ్మానాన్న పోయారు. బావ చదివితే? అత్తగారి చెవిన పడితే? ఆ చెప్పులు, ఆ నీళ్లు, ఇన్నేళ్లుగా అక్క ఎవరికీ తెలియకుండా దాచుకున్నవి నేను పుస్తకం చేసి అందరికీ పంచుతానా? నవల డీటీపీ అయింది, ప్రూఫులు దిద్దాం, ప్రెస్సువాడు "మేడం, ప్రింటుకిద్దామా" అని ఫోన్ల మీద ఫోన్లు. నేనేమో అక్క ఇంటికి వెళ్లి, అన్నం తిని, పిల్లలతో ఆడి, బ్యాగులోంచి కాగితాలు తీయకుండానే వచ్చేసేదాన్ని. పొద్దున మోటారు స్విచ్చు దగ్గర ఆంటీ ఒకే మాట అడిగేది.

"చదివినవా?"

"లేదాంటీ."

చివరికి ఆవిడే అంది, "జెర ధైర్యం తెచ్చుకో. వచ్చే ఐతారం నేను సుత వస్త. ఒక్క మాట మాట్లాడ, పక్కకు కూసుంట." ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఆదివారం రాకుండానే ఆంటీ వెళ్లిపోయింది.

ఆ రోజు ఇంటికి చేరేసరికి గల్లీ అంతా మనుషులు. కరీంనగర్ నుంచి కూతురు దారిలో ఉందన్నారు. నేను మెట్ల దగ్గర నిలబడ్డాను. అప్పుడొచ్చింది ఆ తోటికోడలు. ఎవరూ చెప్పకుండానే గుర్తుపట్టాను, ఎందుకంటే గేటు దగ్గర గుసగుసలు ఒక్కసారి ఆగిపోయాయి. సన్నగా, కొంచెం వంగిపోయి, తెల్ల జరీ అంచు చీర. ఎవరివైపూ చూడకుండా పైకి వెళ్లింది, ఆంటీ కాళ్ల దగ్గర కూర్చుంది, ఏడవకుండానే లేచింది. ఆమె మెట్లు దిగి వస్తుంటే తప్పుకుని దారి ఇచ్చాను. రేపు ఆ వయసుకొచ్చి నాతో మాట్లాడని మా అక్కను ఆమెలో చూశాను.

పదకొండో రోజు మళ్లీ వచ్చింది. భోజనాలయ్యాక వరండాలో ఒక్కతే కూర్చుంటే నేను మంచినీళ్లు తీసుకెళ్లాను.

"నువ్వేనా కింద ఉండేది? బుక్కులు రాస్తవట" అంది.

తలూపాను.

"గా బుక్కుల నా గురించి ఏం రాసిందో నాకు ఇప్పటిదాంక సక్కగ తెల్వదు. చెప్పినోళ్లు చక్కెర సంగతొక్కటే చెప్పిన్రు. ఇంకేమన్న ఉన్నదా ఆడ?"

దివాను కింద కట్టలోంచి ఒక పుస్తకం తెచ్చాను. ఆ పేజీ వెతికాను. దొరికాక పైకి చదివాను. బిడ్డ పోయిన తల్లి గుప్పెడు చక్కెర నోట్లో పోసుకోవడం, ఆకలి తనని కూడా వదల్లేదని ఆమెకే సిగ్గు వేసి కళ్లు గట్టిగా మూసుకోవడం. గుమ్మం దగ్గర నిలబడి అది చూసిన తోటికోడలు, అంటే ఆంటీ, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వెయ్యడం. ఇంకెవరూ అటు రాకుండా, చీపురు చేతిలో పట్టుకుని ఊడుస్తున్నట్టు ఆ తలుపు ముందే చాలాసేపు నిలబడటం.

ఆమె చీర కొంగుతో గాజులు తుడుచుకుంటూ వింటోంది. తలుపు సంగతి వచ్చేసరికి ఆ చెయ్యి ఆగిపోయింది. ఆంటీ మాట గుర్తొచ్చి నేను ఆపకుండా చివరిదాకా చదివాను.

"తలుపు ఆమెనా ఏసింది?" అంది. "గాలికి పడ్డదనుకున్న నేను. ఇన్నేండ్లు గాలికనే అనుకున్న."

తర్వాత పుస్తకం అడిగి తీసుకుంది. చదవడం రాదు కదా, ఎందుకని నేను అడగలేదు. కొంగులో చుట్టుకుని, గేటు దాటి, వాళ్ల గల్లీవైపు వెళ్లిపోయింది. నేను బాత్రూంలో తలుపు వేసుకుని ఆ రోజు మొదటిసారి ఆంటీ కోసం ఏడ్చాను. ఈ మాటలు వినాల్సిన మనిషి పైన ఫొటోలో దండ వేసుకుని ఉంది. ఆంటీ పోకముందు ఒక్కసారైనా ఈ ముసలమ్మ గేటు తీసి ఉంటే, కర్టెన్ వెనకనుంచి చూసిన ఆంటీకి ఎంత భయం వేసేదో, ఆ తర్వాత ఎంత హాయిగా ఉండేదో.

పదకొండో రోజు దాటాక వచ్చిన ఆదివారం నేను కాప్రా వెళ్లాను. ఒక్కదాన్నే. బస్సులో రెండుసార్లు దిగిపోదామనిపించింది. బావ పిల్లల్ని తీసుకుని ఎవరి ఇంటికో గృహప్రవేశానికి వెళ్లాడు. అక్క వంటింట్లో నేల మీద కూర్చుని గోంగూర ఆకు తుంచుతోంది.

"ఏటే, మొహమలాగుంది? అన్నం తిన్నావా?" అంది.

"తిన్నాను. అక్కా, నేనొక నవల రాశాను. నీకు చదివి వినిపించాలి."

"నాకా? నాకేటి తెలుస్తాది నవల్లు! సర్లే చదువు, చేతులు ఖాళీ లేవు గానీ చెవులు ఖాళీయే" అని నవ్వింది.

ఎదురుగా కూర్చుని మొదలుపెట్టాను. అక్క ఆకు తుంచుతూనే ఉంది. నవల్లో తల్లి వీధివాళ్లందరికీ అబద్ధం చెప్పేచోట కిసుక్కున నవ్వి, "మన అమ్మ అచ్చం ఇలాగే అంది" అంది. అక్కడే తెలిసిపోయింది అక్కకు. నవ్వు మొహంమీద అలాగే ఉండిపోయి, తర్వాత మెల్లగా పోయింది. కాడలు పక్కకు, ఆకు పళ్లెంలోకి. చేతులు ముందుకంటే వేగంగా నడిచాయి. నాకు లేచి పారిపోవాలనిపించింది. చదివాను.

గట్టు మీద చెప్పులు వచ్చాయి. పక్కపక్కన. ఆమె నీళ్లలోకి దిగింది. అక్క చేతులు ఆగిపోయాయి.

ఆపకు అని ఎప్పుడో చెప్పింది ఆంటీ. ఆపకూడదని నాకు తెలుసు. కానీ పేజీ అయిపోయింది. తర్వాతి పేజీలో ఉన్నది అక్కకు తప్ప ఎవరికీ తెలియనిది, తెలుసుకోకుండానే నేను రాసేసినది. పేజీ అడుగున ఆంటీ వేళ్ల చింతపండు మరక ఎండిపోయి నల్లబడి ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. కాగితం తిప్పడానికి నా చెయ్యి లేవలేదు. తలెత్తి అక్క మొహం చూసే ధైర్యం అసలే లేదు.

అక్క పళ్లెం పక్కకు జరిపింది. తడి చెయ్యి చీర కొంగుకు సగం తుడుచుకుని, ముందుకు వంగి, నా ఒళ్లో ఉన్న పేజీ తనే తిప్పింది. గోంగూర పసరు వేలిగుర్తు ఆ పాత మరక పక్కనే పడింది. తిరిగిన పేజీలో ఆమె ఇంకా నీళ్లలోనే నిలబడి ఉంది.